మీ ప్రశ్నలు – మా జవాబులు: ముప్పై రెండేళ్లకే వెళ్లిపోయిన జో మనీలీ

గత సంచికలో అమెరికన్ కామిక్స్ చరిత్ర గురించి ఒక పాఠకునికి జవాబిస్తూ, జో మనీలీ అనే చిత్రకారుని పేరు ఒక్క వాక్యంలో ప్రస్తావించి వదిలేశాం. ఆ వాక్యం పట్టుకుని పలువురు ఉత్తరాలు రాశారు. వాటిలో ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆయనకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: ‘వాండావిజన్’ సిరీస్‌లో జిమ్మీ వూ అనే ఎఫ్‌బీఐ అధికారి పాత్ర నాకు చాలా నచ్చింది. ఆ పాత్రకు మొదట రూపమిచ్చిన చిత్రకారుడు మనీలీ అని మీరు రాశారు. ఇంత తెలిసిన పాత్రను గీసిన మనిషి పేరు ఎవరికీ తెలియకపోవడం ఏమిటి? ఆయన ఎవరు?

జవాబు: జోసెఫ్ మనీలీ 1926 ఫిబ్రవరి 18న ఫిలడెల్ఫియాలో పుట్టారు. హైస్కూలు చదువు పూర్తి కాకుండానే నౌకాదళంలో చేరి, అక్కడ కూడా ఓడ పత్రికలకు కార్టూన్లు గీశారు. యుద్ధం ముగిశాక, సైన్యంలో పనిచేసి వచ్చిన వారి చదువుకు ప్రభుత్వం ఇచ్చిన సాయంతో ఫిలడెల్ఫియాలోనే హసియన్ స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో బొమ్మలు నేర్చుకున్నారు. 1948 నాటికి స్ట్రీట్ అండ్ స్మిత్ అనే ప్రచురణ సంస్థకు కామిక్స్ గీయడం మొదలుపెట్టారు. ఆ సంస్థ మరుసటి ఏడాదే కామిక్స్ వ్యాపారాన్ని మూసేయడంతో, న్యూయార్క్‌లో మార్టిన్ గుడ్‌మన్ నడుపుతున్న సంస్థ వైపు వచ్చారు. ఆ సంస్థనే 1950లలో అట్లాస్ అని, 1960ల నుంచి మార్వెల్ అని పిలుస్తున్నాం.

అక్కడ సంపాదకుడు స్టాన్ లీ. మనీలీ వచ్చిన కొద్ది కాలానికే ఆయనకు కుడిభుజం అయ్యారు. పడమటి కథలు (కౌబాయ్ కథలు), యుద్ధ కథలు, దయ్యాల కథలు, హాస్యం, చారిత్రక సాహసాలు, ఏది ఇచ్చినా గీసేవారు. అట్లాస్ పత్రికల కవర్లలో చాలా భాగం ఆయన చేతి మీదుగా వెళ్లినవే. 1955లో ‘బ్లాక్ నైట్’, అంతకు ముందు ఏడాది ‘రింగో కిడ్’, 1956లో రచయిత అల్ ఫెల్డ్‌స్టైన్‌తో కలిసి ‘యెల్లో క్లా’. మీకు నచ్చిన జిమ్మీ వూ ఈ చివరి పత్రిక మొదటి సంచికలోనే పుట్టాడు. ఆ రోజుల్లో అమెరికన్ కామిక్స్‌లో చైనా మూలాలున్న ఒక యువకుణ్ణి కథానాయకుడిగా, అదీ ప్రభుత్వ అధికారిగా చూపడం చాలా అరుదైన విషయం.

ఇక పేరు తెలియకపోవడానికి కారణం ఆయన ప్రతిభలో లేదు, ఆయన పనిచేసిన దశాబ్దంలో ఉంది. సూపర్ హీరోలకు యుద్ధ కాలంలో ఉన్న గిరాకీ 1950ల నాటికి పడిపోయింది. కామిక్స్‌లో ఏం చూపకూడదో చెబుతూ ప్రచురణకర్తలు తమకు తామే పెట్టుకున్న నియమావళి, 1954లో వచ్చిన కామిక్స్ కోడ్ దెబ్బకు భయానక కథలూ చప్పబడ్డాయి. అట్లాస్ ఆ కాలంలో నడిపిన రకరకాల పత్రికలను తర్వాతి తరం అభిమానులు మార్వెల్‌కు ‘పూర్వరంగం’ అన్నట్టు చూసి దాటిపోయారు. మనీలీ పని దాదాపు అంతా ఆ దాటిపోయిన పేజీల్లోనే ఉంది.

ప్రశ్న: ఆయన రైలు ప్రమాదంలో మరణించారని, కళ్లజోడు పోగొట్టుకోవడమే అందుకు కారణమని ఎక్కడో చదివాను. నిజమేనా?

జవాబు: రైలు ప్రమాదం నిజం. 1958 జూన్ 7 రాత్రి, మన్‌హాటన్‌లో తోటి చిత్రకారులతో కలిసి భోజనం చేసి, న్యూజెర్సీలోని ఇంటికి రైల్లో వెళ్తూ, కదులుతున్న రైలు రెండు పెట్టెల మధ్య నుంచి జారి పడి చనిపోయారు. ఆ భోజనానికి వచ్చిన వారిలో జాన్ సెవరిన్, జార్జ్ వార్డ్ ఉన్నారు. అందరూ అట్లాస్‌లో పని పోయిన వారే. మనీలీకి అప్పటికి ముప్పై రెండేళ్లు. భార్య, ముగ్గురు కూతుళ్లు ఉన్నారు.

ఆ రాత్రి ఆయన దగ్గర కళ్లజోడు లేదన్నదీ నిజమే. అంతకు కొన్ని రోజుల ముందు అది పోయిందని తనతో చెప్పినట్టు వార్డ్ తర్వాత గుర్తుచేసుకున్నారు. అయితే కళ్లజోడు లేకపోవడం వల్లనే పడిపోయారని చెప్పడానికి ఆ రెండు పెట్టెల మధ్య చూసిన సాక్షి ఎవరూ లేరు. కారణం లేని మరణం మనసుకు సర్దుబాటు కాదు కాబట్టి, చెప్పుకునే కొద్దీ ఆ కళ్లజోడు కథలో పెద్దదవుతూ వచ్చింది. ప్రమాదం అన్న మాట దగ్గర ఆగడమే మనకు మర్యాద.

ఆ భోజనం బల్ల చుట్టూ కూర్చున్న వారందరూ పనిలేని వారు ఎందుకయ్యారన్నది మాత్రం స్పష్టంగా తెలిసిన విషయం, దాని గురించి ఎవరూ అడగలేదు గానీ చెప్పవలసిందే. గుడ్‌మన్ తన సొంత పంపిణీ సంస్థను మూసేసి అమెరికన్ న్యూస్ కంపెనీ అనే పెద్ద పంపిణీదారుతో ఒప్పందం చేసుకున్నారు. 1957లో ఆ కంపెనీ ఆ వ్యాపారం నుంచే తప్పుకుంది. పుస్తకాలు దుకాణాలకు చేర్చే దారి లేక, గుడ్‌మన్ తన పోటీదారు డీసీ యాజమాన్యంలోని ఇండిపెండెంట్ న్యూస్ గడప తొక్కారు. వారు పెట్టిన షరతు, నెలకు ఎనిమిది పత్రికలకు మించకూడదని. డజన్ల కొద్దీ పత్రికలు ఒక్కసారిగా ఆగిపోయాయి. అప్పటికే గీయించి బీరువాలో పెట్టుకున్న కథలతోనే నెలల తరబడి నెట్టుకొచ్చారు, కొత్త పని ఎవరికీ ఇవ్వలేదు. చిత్రకారులను పిలిచి ఆ మాట చెప్పవలసిన పని స్టాన్ లీ మీద పడింది. మనీలీ వంటి ఇష్టుడికి కూడా అందులో మినహాయింపు లేకపోయింది.

ప్రశ్న: మనీలీ బతికి ఉంటే మార్వెల్‌కు పేరు తెచ్చిన సూపర్ హీరోల పత్రిక ‘ఫెంటాస్టిక్ ఫోర్’ను ఆయనే గీసేవారని, దాన్ని గీసిన జాక్ కిర్బీకి ఆ అవకాశమే వచ్చేది కాదని కొందరు అంటారు. మీ అభిప్రాయం?

జవాబు: మనీలీ గురించి రాసే ప్రతి వ్యాసమూ చివరికి ఈ ప్రశ్న దగ్గరకే వస్తుంది. ఇందుకు ఆధారం లేకపోలేదు. స్టాన్ లీ తన జీవితాంతం మనీలీని ఎంతో మెచ్చుకుంటూనే ఉన్నారు. వేగంలో కిర్బీని మించినవాడని, బతికి ఉంటే మార్వెల్ వెలుగుకు కారణమైన వారిలో ఒకడయ్యేవాడని పలుమార్లు చెప్పారు. 1958 ద్వితీయార్ధంలో కొత్త కథలకు మళ్లీ డబ్బు దొరికినప్పుడు లీ మొదట పిలవవలసిన మనిషి లేరు. కిర్బీ అదే సమయానికి వచ్చి చేరారు. 1961 నవంబర్ తేదీతో ‘ఫెంటాస్టిక్ ఫోర్’ మొదటి సంచిక వచ్చింది. ఈ మూడు సంగతులను వరుసగా పెడితే, ఒకరి కుర్చీలో మరొకరు కూర్చున్నట్టు కనిపిస్తుంది.

కానీ దగ్గరగా చూస్తే ఆ వరుస అంత బిగువుగా లేదు. మనీలీ జీవించి, పనిచేస్తూ ఉండగానే కిర్బీ అట్లాస్‌లోకి ఒకసారి వచ్చి వెళ్లారు. మనీలీ మొదలుపెట్టిన ‘యెల్లో క్లా’ రెండో సంచిక నుంచి నాలుగో సంచిక దాకా గీసింది కిర్బీనే. అంటే ఆ ఇద్దరిలో ఒకరు పోతేనే ఇంకొకరికి చోటు అన్న పరిస్థితి ఎప్పుడూ లేదు. పైగా కిర్బీకి ఆ రోజుల్లోనే డీసీ సంపాదకుడొకరితో ‘స్కై మాస్టర్స్’ అనే స్ట్రిప్ (దినపత్రికలో వచ్చే బొమ్మల కథ) విషయంలో తగవు వచ్చి, అక్కడి పని దూరమైంది. ఆయన అట్లాస్‌ను పట్టుకుని ఉండిపోవడానికి ఆయన కారణాలు ఆయనకున్నాయి.

ఈ వాదన చేసేవారు మరిచిపోయే సంగతి మరొకటి ఉంది. మనీలీ చనిపోయే నాటికి కామిక్ పుస్తకాల కోసం కాచుకు కూర్చోలేదు. స్టాన్ లీతో కలిసి ‘మిసెస్ లయన్స్ కబ్స్’ అనే దినపత్రికల స్ట్రిప్‌ను 1958 ఫిబ్రవరిలో మొదలుపెట్టారు. బాల స్కౌట్లు, వారిని చూసుకునే ఒక తల్లి గురించిన హాస్యం అది. ఆ తరం చిత్రకారులకు కామిక్ పుస్తకం మెట్టు మాత్రమే, దినపత్రిక స్ట్రిప్ మేడ. అందులో డబ్బు ఎక్కువ, గౌరవం ఇంకా ఎక్కువ. చుట్టుపక్కల వారికి తాము ఏం పని చేస్తామో సిగ్గుపడకుండా చెప్పుకోవచ్చు. దానితో పాటు డీసీకి కూడా కొన్ని కథలు గీశారు. కనుక ఆయన బతికి ఉంటే 1961లో స్ట్రిప్ గీస్తూ కామిక్ పుస్తకాల వైపు తిరిగి చూడకపోయి ఉండవచ్చు. డీసీలో స్థిరపడి ఉండవచ్చు. మార్వెల్‌లోనే ఉండి మరేదో గీసి ఉండవచ్చు. వీటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి మన దగ్గర ఏముంది?

ఈ ప్రశ్న మీద నాకున్న అసలు అభ్యంతరం వేరు. ఇందులో మనీలీ ఒక ఖాళీ కుర్చీ అయిపోతారు. సుమారు పదేళ్ల పాటు రోజూ బల్ల ముందు కూర్చుని గీసిన మనిషిని, గీయని పుస్తకాల లెక్కలో గుర్తుపెట్టుకుంటున్నాం. అలా చేస్తే ఆయన జీవితం కిర్బీ కథకు ముందుమాట అయి కూర్చుంటుంది. కిర్బీ గొప్పవారే, ఆ మాటలో సందేహం లేదు. కానీ మనీలీ పేజీలు వేల సంఖ్యలో మన ముందున్నాయి. వాటిని చూడకుండా లేనివాటి గురించి మాట్లాడుకోవడం నాకు రుచించదు.

ప్రశ్న: నేను ప్రకటనల సంస్థలో బొమ్మలు గీస్తాను. మనీలీ వేగం గురించి అందరూ రాస్తారు. వేగంగా గీస్తే నాణ్యత తగ్గదా? ఆయన పని చేసే పద్ధతి ఏమిటి?

జవాబు: వృత్తిలో ఉన్నవారు అడిగిన ప్రశ్న కాబట్టి కొంచెం విస్తారంగానే చెబుతాను.

అమెరికన్ కామిక్స్‌లో సాధారణంగా పని రెండు దశల్లో సాగుతుంది. మొదట పెన్సిల్‌తో బొమ్మ పూర్తిగా వేస్తారు. ముఖ కవళికలు, బట్టల మడతలు, నీడలు ఎక్కడ పడాలో కూడా గుర్తు పెడతారు. ఆ తర్వాత, తరచుగా వేరే మనిషి, ఆ గీతల మీద సిరా దిద్దుతారు. అచ్చుకు వెళ్లేది సిరా గీత మాత్రమే, పెన్సిల్‌ను చెరిపేస్తారు. మనీలీ ఎక్కువగా రెండు పనులూ తానే చేసేవారు. ఆయన పక్కన పనిచేసిన జాన్ సెవరిన్ తర్వాతి కాలంలో చెప్పిన వివరం ఇది: మనీలీ పెన్సిల్ పేజీలో దాదాపు ఏమీ ఉండేది కాదు. తల ఉండాల్సిన చోట ఖాళీ కోడిగుడ్డు ఆకారం, దానికి కళ్లూ ముక్కూ ఉండవు, ఒక వస్తువునూ ఇంకొక వస్తువునూ కలుపుతూ నాలుగు గీతలు, నీడలు లేవు. ఆ పేజీ ముందు పెట్టుకుని నేరుగా సిరాతోనే బొమ్మ గీసేవారు. మొహం, చెయ్యి, గుర్రం జీను, వెనకున్న కొండ, అన్నీ పాళీ కాగితం మీద ఆనాకే పుట్టేవి.

అంటే ఆయన వేగం చెయ్యి వేగం కాదు. ఒక బొమ్మను రెండుసార్లు గీయకపోవడమే ఆ వేగం. మిగతావారు పెన్సిల్‌తో ఒకసారి, సిరాతో ఇంకోసారి గీస్తున్న బొమ్మను ఆయన ఒక్కసారే గీశారు. దీనికి ఎంత నిబ్బరం కావాలో మీకు వేరే చెప్పనక్కరలేదు. సిరా గీత తప్పితే తెల్లరంగు పూసి దిద్దుకోవలసిందే. ఏ భంగిమలో మనిషి బరువు ఏ కాలి మీద పడుతుందో ముందే మనసులో స్థిరపడి ఉంటేనే ఈ పద్ధతి సాగుతుంది. పద్ధతి చూసి అనుకరించబోయిన కుర్రవాళ్లకు అది సాగేది కాదు, ఎందుకంటే వారికి ఆ ఖాళీ గుడ్డులో మొహం కనిపించదు.

ఇక నాణ్యత సంగతి. ‘బ్లాక్ నైట్’ మొదటి సంచికను తీసుకోండి. బ్రిటన్ పురాణగాథల్లోని ఆర్థర్ రాజు కొలువులో పిరికివాడిలా, మెతకవాడిలా నటించే సర్ పెర్సీ అనే యువకుడు, మాంత్రికుడు మెర్లిన్ ప్రోద్బలంతో నల్ల కవచం తొడుక్కుని మోర్‌డ్రెడ్ కుట్రలను అడ్డుకునే కథ అది. వీరగాథల్లో సులువుగా ఎగ్గొట్టగలిగినవి నేపథ్యాలు. కోట గోడ అంటే నాలుగు గీతలు గీసి వదిలేయవచ్చు, చాలామంది వదిలేశారు కూడా. మనీలీ రాతి గోడకు రాయి మొరటుతనం, చెక్క తలుపుకు చెక్క పొర, ఇనుప వలల కవచానికి దాని బరువు వేరువేరుగా చూపించారు. ఇదంతా సన్నని పాళీతో ఒకదాని మీదుగా ఒకటి వేసిన అడ్డగీతల పని, పాత పుస్తకాల్లోని చెక్కుడు బొమ్మల పద్ధతికి దగ్గరది. ముందున్న మనుషులకు గీత మందంగా, నలుపు ముద్దగా ఉంటుంది. వెనక్కి పోయే కొద్దీ గీత సన్నబడుతుంది. దూరం ఆ గీతల మందంలోనే తెలిసిపోతుంది.

మీ వృత్తి వారికి ఒక హెచ్చరిక కూడా అవసరం. ఆ కాలంలో అసలు పేజీని అచ్చు పేజీకి దాదాపు రెండింతల కొలతలో గీసేవారు; దాన్ని కుదించి, చవక న్యూస్‌ప్రింట్ మీద, చుక్కల రంగులతో అచ్చువేసేవారు. కుదిస్తే సన్నని గీతలు ఒకదానికొకటి దగ్గరై కలిసిపోతాయి. నాసి కాగితం సిరాను పీల్చి గీతను ఉబ్బిస్తుంది. రంగు ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగితే మొహం మీద పడాల్సింది ఆకాశం మీద పడుతుంది. ఎక్కువ వివరం గీసినవాడికే ఈ అచ్చులో ఎక్కువ నష్టం. మందపాటి గీతలతో గీసే కిర్బీ ఆ కాగితం మీద బలంగా నిలబడ్డారు, మనీలీ గీతలు ముద్దయ్యాయి. ఆయన్ను కొందరు ‘కొంచెం గజిబిజి’ అనడానికి కారణం చాలా వరకు ఆ అచ్చే అని నా అనుమానం. మంచి కాగితం మీద వచ్చిన పునర్ముద్రణ చూసి తీర్పు చెప్పడం మేలు.

స్పైడర్‌మన్‌ను తర్వాతి కాలంలో గీసిన జాన్ రొమీటా కుర్రతనంలో మనీలీ పని చేయడం చూసి నేర్చుకున్నవారిలో ఒకరు. రొమీటా గీత మనీలీ గీతలా ఉండదు. చూసి నేర్చుకోవడం అంటే పోలిక తెచ్చుకోవడమేనని అనుకునేవారు ఆ ఇద్దరి పేజీలనూ చూడాలి.

ప్రశ్న: ‘యెల్లో క్లా’ అన్న పేరే చైనా ప్రజలను అవమానించేది కదా! అటువంటి పుస్తకం గీసిన మనిషిని ఇంత గౌరవంగా తలుచుకోవడం సబబేనా?

జవాబు: పేరు అవమానకరమైనదే, అందులో వాదన లేదు. ఫు మాంచూ అనే పాత నవలల దుష్టుడి నకలు ఆ పాత్ర. పొడవైన గోళ్లు, పసుపు పచ్చని చర్మం, ప్రపంచాన్ని లొంగదీసుకునే పన్నాగాలు. తూర్పు దేశాల వారంటే పశ్చిమాన ఉన్న భయాన్ని సొమ్ము చేసుకునే అచ్చు సరుకు. 1956 నాటికి దానికి కమ్యూనిస్టు చైనా పట్ల ఉన్న రాజకీయ భయం కూడా తోడైంది. ఆ పాత్రకు మొహం ఇచ్చింది మనీలీయే కనుక, ఆ బాధ్యతలో ఆయన వాటా ఆయనకుంది. పేజీకింత అని తీసుకుని ఇచ్చిన స్క్రిప్టు గీశారు అన్నది వివరణ అవుతుంది, మినహాయింపు కాదు.

అదే సంచికలో జిమ్మీ వూ కూడా ఉన్నాడు. సూటు వేసుకుని, ధైర్యంగా, అందంగా కనిపించే యువకుడు. దుష్టుడిని వెక్కిరింపు బొమ్మలా గీసిన చెయ్యే నాయకుణ్ణి మామూలు మనిషిలా గీసింది. ఆ వైరుధ్యం ఆ పుస్తకంలో ఉంది, దాన్ని దాచడం కంటే చూపడమే మంచిది. పుస్తకం నాలుగు సంచికలతో ఆగిపోయింది. 2006లో ‘ఏజెంట్స్ ఆఫ్ అట్లాస్’ అనే సిరీస్ వచ్చినప్పుడు రచయిత జెఫ్ పార్కర్ జిమ్మీ వూను మళ్లీ ముందుకు తెచ్చి, ఆ పాత దుష్టుడి కథను కొత్త కోణంలో తిరగరాశారు. ఆ తర్వాతనే 2018 నాటి ‘యాంట్‌మన్ అండ్ ది వాస్ప్’ సినిమాలో, 2021లో ‘వాండావిజన్’లో ర్యాండల్ పార్క్ ఆ పాత్ర వేశారు. ఆ పేరు పెట్టిన పుస్తకం పోయింది, అందులోని మంచి మనిషి మిగిలాడు. గౌరవమంటే మచ్చలు కప్పిపెట్టడమని నేననుకోను.

ప్రశ్న: ఆయన పాత్రలు సినిమాల్లోకి వచ్చాయి కదా, ఆ డబ్బులో కుటుంబానికి వాటా వచ్చిందా?

జవాబు: ఒక కుటుంబం సొంత లెక్కలు మనకు సంబంధించినవి కావు. ఆనాటి పద్ధతి మాత్రం చెప్పగలను. పేజీకి ఇంత అని ఒకసారి చెల్లిస్తారు, దానితో పాత్ర మీద, కథ మీద, బొమ్మ మీద హక్కులన్నీ సంస్థవి. మళ్లీ అచ్చువేస్తే చిత్రకారునికి పైసా రాదు. గీసిన అసలు పేజీలను కూడా తిరిగి ఇచ్చేవారు కారు. మార్వెల్ ఆ అలవాటు మొదలుపెట్టింది 1970లలో, అప్పటికి మనీలీ పోయి దశాబ్దంన్నర దాటింది. ‘రింగో కిడ్’ను 1970 నుంచి 1976 వరకు మార్వెల్ మళ్లీ అచ్చువేసి అమ్ముకుంది. పాత కథలే కాబట్టి ఖర్చు తక్కువ, అమ్మిందే లాభం.

ఇది ఒక్క మనీలీకి జరిగింది కాదు, ఆ తరమంతా అలాగే బతికింది. చిన్నవయసులో పోయినవారి ఇళ్ల మీద మాత్రం ఆ దెబ్బ ఎక్కువ గట్టిగా పడింది. పెన్షన్ లేదు, రాయల్టీ లేదు, అమ్ముకోవడానికి బొమ్మలూ లేవు. అమెరికాలో ఇబ్బందుల్లో ఉన్న కామిక్స్ రచయితలకు, చిత్రకారులకు సాయపడే హీరో ఇనిషియేటివ్ అనే సంస్థ 2000లో గానీ పుట్టలేదు.

ప్రశ్న: మధ్యలో పోయిన చిత్రకారుని పనిని ఇతరులు పూర్తి చేయడం న్యాయమా? అలాగే వదిలేయడం మర్యాద కాదా?

జవాబు: ఏ పని అన్నదాన్ని బట్టి ఉంటుంది. మనీలీ పోయాక ‘మిసెస్ లయన్స్ కబ్స్’ను అల్ హార్ట్‌లీ గీశారు. దినపత్రిక స్ట్రిప్‌కు రోజూ గడువు ఉంటుంది. పత్రికలతో ఒప్పందం ఉంటుంది. శోకానికి అందులో సెలవు దొరకదు. అలెక్స్ రేమండ్ 1956లో కారు ప్రమాదంలో నలభై ఆరేళ్లకు చనిపోయినప్పుడు కూడా ఆయన గీస్తున్న డిటెక్టివ్ స్ట్రిప్ ‘రిప్ కిర్బీ’ని జాన్ ప్రెంటిస్ అందుకుని దశాబ్దాల పాటు నడిపారు. పాఠకులకు బొమ్మ మారిన సంగతి తెలిసింది, కథ మాత్రం ఆగలేదు. దీనిలో అమర్యాద ఏమీ లేదు, అది ఆ వృత్తి నడిచే తీరు.

కావాలని చేసిన నివాళి మరొక రకం. ‘ఫ్లాష్’, ‘ఫెంటాస్టిక్ ఫోర్’ గీసిన మైక్ వియరింగో 2007లో నలభై నాలుగేళ్లకు గుండె రక్తనాళం చిట్లి హఠాత్తుగా మరణించారు. ఆయన అప్పుడు పెన్సిల్‌తో గీస్తున్న ఒక సంచికలో మొదటి కొన్ని పేజీలే పూర్తయ్యాయి. మిగతా పేజీలను ఆయన మిత్రులైన చిత్రకారులు పంచుకుని గీసి, 2008లో ఆ సంచికను తెచ్చి, వచ్చిన సొమ్మును ఇంతకు ముందు చెప్పిన హీరో ఇనిషియేటివ్‌కు ఇచ్చారు. అందులో నాకు నచ్చినది, ఎవరూ వియరింగో గీతను అనుకరించబోలేదు. పేజీ తిప్పగానే చెయ్యి మారిపోయిందని తెలిసిపోతుంది. ఆయన ఎక్కడ ఆగిపోయారో పాఠకుని కంటికి కనబడుతుంది. 2017 నుంచి ఆయన పేరు మీద రింగో అవార్డులు కూడా ఇస్తున్నారు.

మనీలీకి అటువంటి నివాళి జరగలేదు. 1958లో అభిమానుల సభలు లేవు, కామిక్స్ చిత్రకారుడు చనిపోతే రాసే పత్రికలు లేవు. చాలా పత్రికల్లో గీసినవారి పేరు కూడా విడిగా వేసేవారు కాదు. మనీలీ తన ఇంటిపేరును బొమ్మలో ఒక మూల తానే రాసుకునేవారు కాబట్టి, దశాబ్దాల తర్వాత పరిశోధకులు ఆయన పేజీలను ఏరి ఒక చోట చేర్చగలిగారు. సంతకం చేయని తోటివారు ఎందరో ఈనాటికీ ‘చిత్రకారుడు తెలియదు’ అన్న వరుసలోనే ఉన్నారు.

ప్రశ్న: ఆయన పని చూడాలనుకునేవారు దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: ‘బ్లాక్ నైట్’తో. మొత్తం అయిదు సంచికలే. దానితో ‘యెల్లో క్లా’ను కూడా కలిపి మార్వెల్ తన మాస్టర్‌వర్క్స్ వరుసలో మంచి కాగితం మీద ఒక పుస్తకంగా తెచ్చింది. ‘ఎటర్నల్స్’ సినిమా చివర నటుడు కిట్ హారింగ్టన్ ఒక పెట్టె తెరిచి కత్తి వైపు చూసే సన్నివేశం గుర్తున్నవారికి, ఆయన వేసిన పాత్ర బ్లాక్ నైట్ వంశానిదే, ఆ వంశం మొదలైన చోటు ఇదే. కత్తి చుట్టూ అల్లిన శాపం, మహిమల కథలు మాత్రం తర్వాతి కాలంలో వేరేవారు చేర్చినవి.

మొదటిసారి కథ కోసం చదవండి. రెండోసారి మాటల బెలూన్లను పట్టించుకోకుండా, ప్రతి ప్యానెల్‌లో వెనకున్న వస్తువులనే చూడండి. తర్వాత ‘రింగో కిడ్’ దొరికితే, అందులో గుర్రాలను చూడండి. పడమటి కథల్లో గుర్రం సరిగ్గా గీయగల చిత్రకారులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మనీలీ గుర్రానికి బరువుంటుంది, దాని మీద కూర్చున్నవాడికి ఆ బరువు తెలుసునని కనిపిస్తుంది. హాస్యంలో చెయ్యి ఎలా ఉందో చూడాలంటే 1955లో వచ్చిన ‘స్నాఫూ’ అనే పత్రిక ఉంది. అయితే అందులోని జోకులు చాలా వరకు పాతబడిపోయాయి, బొమ్మల కోసమే తిరగేయాలి.

‘యెల్లో క్లా’ను చివరికి అట్టిపెట్టుకోండి. మొదటి సంచిక మనీలీది, రెండోది కిర్బీది. పాత్రలు అవే, కథా వాతావరణమూ అదే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాక, పై మూడో ప్రశ్నకు నేనిచ్చిన జవాబుతో ఏకీభవించనివారు ఉంటే తప్పక రాయండి, వచ్చే సంచికల్లో చోటిస్తాం.